వడపోత గాదెకడనా, గడపకడనా?

గృహిణి చేయు పనులలో చెరుగుట, జల్లించుట, ఏరుట యను మూడును ఒక్కటివలె కనబడును గాని ఒక్కటి కావు. చాటతో చెరిగినచో పొట్టు పోవును. జల్లెడ పట్టినచో నూక దిగును. మట్టిబెడ్డను మాత్రము వ్రేళ్లతో ఏరివేయవలసినదే. వీనిలో ఏది ఎచ్చట చేయదగినదో ఎరిగిన యిల్లాలికి శ్రమ తగ్గును, ధాన్యము దక్కును. వడ్లను కళ్లములోనే తూర్పారబట్టి బండి కెత్తుదురు గాని, పొట్టుతోను తాలుతోను ఇంటికి దెచ్చి నట్టింట తూర్పారబట్టువారు ఎందును లేరు.

సోదరీమణులారా! ఈ సామాన్యన్యాయమును నేడు మన చేతులలోని సెల్‌ఫోనులకును అన్వయించి చూడవలసిన యావశ్యకత కలిగినది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో సేద్యము గల యిండ్లయందు వడ్లు, పెసలు, కందులు, మిరప మొదలగువాని ధరలను ఫోనులో చూచి చెప్పు పని తరచుగా ఇంటనున్న చదువుకొన్న స్త్రీకే తటస్థించుచున్నది. మగవారు పొలమునుండియో మార్కెట్టు యార్డునుండియో మాటలాడి, "నేడు ధర యెంత యున్నదో చూడు" మనుచుందురు. ఆమె చూచి చెప్పిన అంకెమీదనే బండి కదలునో, నిలుచునో తేలును. అట్టి తరి, ఆమె కంటికి కనబడిన జాబితా సర్వము కాదనియు, ఏదో యొక జల్లెడగుండా దిగి వచ్చిన శేషమనియు ఎరుగుట ముఖ్యము. ఆ జల్లెడ ఎచ్చట పట్టిరి, ఎట్లు పట్టిరి అను విషయమే ఈ వ్యాసమునకు వస్తువు.

మొదట ఈ ధరలు ఎచ్చటినుండి వచ్చునో చెప్పెదను. దేశమందలి వ్యవసాయ మార్కెట్లలో ప్రతిదినమును జరుగు క్రయవిక్రయముల ధరలను ఒకచోట చేర్చుటకై కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయశాఖలోని మార్కెటింగు, తనిఖీ డైరెక్టరేటు వారు 2000 సంవత్సరము మార్చి నెలలో అగ్‌మార్క్‌నెట్ అను ఏర్పాటును ప్రారంభించిరి. 2012లో ప్రభుత్వ సమాచారమును ప్రజలందరికిని అందుబాటులోనికి తెచ్చు విధానము ప్రకటింపబడి, డేటా డాట్ గవ్ డాట్ ఇన్ అను వేదిక వెలసినది. మార్కెట్ల దినధరలు అందును లభించును. అందలి ప్రతి పద్దునందును రాష్ట్రము, జిల్లా, మార్కెట్టు, సరకు, రకము, తేదీ అనునవియు, క్వింటాలునకు కనిష్ఠధర, గరిష్ఠధర, ఎక్కువ సరకు అమ్ముడుపోయిన ధర అను మూడు ధరలును ఉండును.

ఈ పద్దులను మనుష్యులు చదువుటయే గాక, ఒక కంప్యూటరు కార్యక్రమము మరియొక కార్యక్రమమును అడిగి తీసికొనుటకును వీలు కల్పించిరి. అట్లు అడుగుటకై నిర్ణయించిన పద్ధతికి ఏపీఐ అని పేరు. గాదె లోపలికి ఎవరిని పడిన వారిని పోనీయక, దానికొక కిటికీ పెట్టి, "ఈ విధముగా అడుగుడు, ఈ విధముగా ఇత్తుము" అని నియమము వ్రాసి పెట్టిన ట్లనుకొనుడు. గాదెను కాపాడుచు అడిగినవారికి కొలిచి యిచ్చు యంత్రమును సర్వరందురు. మనము ఫోనులో తెరచు వెబ్ పుట ఆ కిటికీయొద్దకు పోయి మనపక్షమున అడిగి తెచ్చు దూతిక వంటిది.

దూతిక అడుగు తీరు మిక్కిలి సులభము. కిటికీ చిరునామా వ్రాసి, చివర ప్రశ్నార్థకచిహ్నము పెట్టి, అటుపైని షరతులను ఒకదానితరువాత నొకటి చేర్చవలయును. ఫిల్టర్స్ అను మాట ప్రక్కన మార్కెట్టను పేరు నుంచి, సమచిహ్నము వైచి సూర్యాపేట యని వ్రాసినచో, ఆ మార్కెట్టు పద్దులే కావలయునని యర్థము. లిమిట్ అనగా ఎన్ని పద్దులు కావలయునో ఆ సంఖ్య. ఆఫ్‌సెట్ అనగా మొదట ఎన్ని విడిచి ఇయ్యవలయునో ఆ సంఖ్య. వీనితో కూడ కీ, అనగా తాళపుచెవి వంటి సంకేతాక్షరమాల యొకటి చూపవలయును. ప్రయత్నించి చూచుటకై అందరికిని ఇచ్చు నమూనా తాళపుచెవితో ఒక మారునకు పది పద్దులకంటె ఎక్కువ రావు. పేరు నమోదు చేసికొని స్వంతముగా తాళపుచెవి పొందినవారు ఎక్కువ అడుగవచ్చును. జవాబునందు పద్దులతోపాటు, మొత్తము ఎన్ని కలవు, ఇప్పుడు ఎన్ని పంపితిమి అను రెండు లెక్కలు కూడ ఉండును. ఈ రెండు లెక్కలను చదువక విడిచినచో కలుగు కీడును ఒక దృష్టాంతముతో చూపెదను.

మా యింటికి చదువునిమిత్తము వచ్చి పోవుచుండు కోదాడ ప్రాంతపు విద్యార్థిని యొకతె, తమ బంధువుల ఉపయోగార్థమై ధరలు చూపు చిన్న వెబ్ పుటను తయారుచేసెను. పుట అందముగా నున్నది. మార్కెట్టు పేరు ఎన్నుకొనుటకు ఒక పెట్టె, సరకు ఎన్నుకొనుటకు మరియొక పెట్టె అమర్చినది. ఒకనాడు ఆమె పినతల్లి ఆ పుటలో మిర్యాలగూడను ఎన్నుకొనగా, "పద్దులు లేవు" అని వచ్చినది. కార్తీకమాసము, ఆకాశమున మబ్బు, వడ్లరాశి ఆరుబయట నున్నది. గ్రామములోని దళారి తన ధర తాను చెప్పి కూర్చుండెను. మిర్యాలగూడలో నాడు కొనుగోలే లేదని తలచి, ఆ యింటివారు అతని మాటకు తలయొగ్గ సిద్ధపడిరి.

నిజమునకు మిర్యాలగూడ పద్దు గాదెలో నున్నది. ఆ బాలిక వ్రాసిన పుట మాత్రము షరతు లేమియు చెప్పక దేశమంతటి ధరలను అడిగినది. నమూనా తాళపుచెవి యగుటచే మొదటి పది పద్దులే వచ్చినవి. ఆ పదింటిలో మిర్యాలగూడను వెదకి, కానక, లేదని చెప్పినది. గోతాములోని మొదటి గుప్పెడు పెసలలో బెల్లము దొరకలేదని, ఇంట బెల్లమే లేదన్నట్లున్నది! పినతల్లి అనుమానించి ఫోను చేయగా, బాలిక జవాబునందలి లెక్కలను చూచెను. మొత్తమని చెప్పిన సంఖ్య వేలలో నున్నది, పంపినది పది. అంతట తప్పు తెలిసినది. షరతును పుటలోనుండి తీసి ప్రశ్నలోనే చేర్చి, మిర్యాలగూడ పద్దులనే సర్వరును అడుగగా, ధర వచ్చినది. ఆ సాయంకాలము దళారితో బేరము నిలిచినది. మరునాడు ఆ యింటివారు ధర తెలిసినవారై మాటలాడి, తమ యిష్టానుసారముగ అమ్ముకొనిరి.

ఇందువలన తేలు నియమ మిది. పెద్ద వడపోత గాదెకడ జరుగవలయును. చిన్న యేరివేత గడపకడ జరుగవచ్చును. సర్వరు తన సర్వస్వమును ఎరిగినది. కాబట్టి "ఈ మార్కెట్టు, ఈ సరకు, ఈ తేదీ" యని అడిగినచో, ఉన్న పద్దులన్నిటిని వెదకి తగినవానినే ఇచ్చును. ఫోనులోని పుటకు తెలిసినది తనకు వచ్చిన భాగము మాత్రమే. అది యెంత శ్రద్ధతో వడపోసినను, రానిదానిని చూపజాలదు. పైగా, వేలకొలది పద్దులను ఇంటివరకు మోసి తెచ్చి, అయిదింటిని ఉంచుకొని, తక్కినవానిని పారవేయుట వలన ఫోనునకు శ్రమ, డేటాకు ఖర్చు, చూచువారికి నిరీక్షణ. పల్లెలో సంకేతము బలహీనముగ నున్నచోట ఈ భారము మరింత తెలియును.

అట్లని గడపకడి యేరివేత నిషిద్ధము కాదు. సూర్యాపేటలోని నేటి పద్దులన్నియు, ఇరువదియో ముప్పదియో, పూర్తిగా వచ్చిన పిమ్మట, వానిలో సన్నరకములు మాత్రము చూపుము, ధర యెక్కువనుండి తక్కువకు పేర్చుము అన్నప్పుడు, మరల కిటికీయొద్దకు పోనక్కరలేదు. ఇంటనున్న పుటయే ఆ పని క్షణములో చేయును. పుటలను వ్రాయు జావాస్క్రిప్టు భాషలో 2009 ప్రమాణమునుండి ఇందుకొరకే ఫిల్టర్ అను సాధన మొకటి చేరియున్నది. వచ్చినది సంపూర్ణమా, అసంపూర్ణమా యనునదే ఇచ్చటి పరీక్ష. సంపూర్ణమైనచో ఇంట నేరవచ్చును. కానిచో గాదెనే అడుగవలయును, లేదా ఆఫ్‌సెట్టును పెంచుచు, లెక్క సరిపోవువరకు విడతవిడతగా అన్నిటిని తెచ్చుకొనవలయును.

మా యింటివారు బడిపిల్లలతో చెప్పు మాట యొకటి కలదు: ప్రశ్న సరిగా లేనిదే జవాబు సరిగా ఉండదని. వడపోతలో ఈ మాట అడుగడుగున నిజమగును. యంత్రము మన మనస్సును చదువదు. వ్రాసిన యక్షరమునే చూచును. సూర్యాపేట పేరును ఇంగ్లీషు లిపిలో చివర అచ్చుతోను, అచ్చు లేకయు వ్రాయువారు కలరు. మిర్యాలగూడను రెండు మూడు విధముల వ్రాయుదురు. గాదెలో ఒక విధముగ నుండ, మనము వేరొక విధముగ అడిగినచో, ఉన్నదియు లేనిదే యగును. అందుచేత మంచి పుట చూచువారిచే పేరు వ్రాయింపదు. గాదెలోని పేర్లనే జాబితాగ తెచ్చి, అందొకదానిని ఎన్నుకొనుమనును. సరకుల పేర్లును ఇట్టివే. మన కందులు అచ్చట అర్‌హర్ అను హిందీపేరుతో నుండును. పెసలు గ్రీన్ గ్రామ్ అనియు మూంగ్ అనియు నుండును. వడ్లు ప్యాడీ, ధాన్ అను రెండు పేర్లను కలిపికొని యుండును. తెలుగుపేరు చూపి, లోపల గాదెపేరుతో అడుగు పుటయే మన యిండ్లకు పనికివచ్చునది.

జిల్లాపేరుతో వడపోయునప్పుడు చరిత్ర కూడ ఎరిగియుండవలయును. 2014 జూన్ 2వ తేదీన తెలంగాణ రాష్ట్రము ఏర్పడినది. 2016 అక్టోబరు 11వ తేదీన నల్లగొండ జిల్లానుండి సూర్యాపేట జిల్లా వేరుపడినది. కోదాడ దానితో పోయినది. మిర్యాలగూడ నల్లగొండలోనే నిలిచినది. కాబట్టి పది సంవత్సరముల ధరలను పోల్చదలచి సూర్యాపేట జిల్లా యని మాత్రమే అడిగినచో, 2015 నాడు నల్లగొండ పేర వ్రాసిన పద్దు, పిమ్మట దిద్దియుండనియెడల, జల్లెడలోనుండి జారిపోవును. 2013 నాటిదైనచో రాష్ట్రముపేరే ఆంధ్రప్రదేశమై యుండవచ్చును. ఊరు కదలలేదు, యార్డు కదలలేదు. పేరు మాత్రము మారినది. ఇట్టి సందర్భమున జిల్లాను విడిచి మార్కెట్టు పేరుతో అడుగుటయే క్షేమకరము.

షరతులు ఒకటికంటె ఎక్కువైనప్పుడు వానిని కూర్చు విధము తెలియవలయును. నలోపాఖ్యానమున దమయంతి స్వయంవరసభలో నలుని రూపమున అయిదుగురు కూర్చుండియుండిరి. రూపమను ఒక్క షరతుతో వడపోయగా అయిదుగురును మిగిలిరి. అంతట ఆమె రెప్పపాటు కలవాడు, చెమట పట్టినవాడు, వాడిన పూమాల కలవాడు, నేలపై పాదములు మోపినవాడు, నీడ కలవాడు ఎవడో అతడే తన నలుడని నిశ్చయించెను. షరతులన్నియు ఏకకాలమున సరిపోయినవాడు ఒక్కడే. దీనినే గణితశాస్త్రజ్ఞులు "మరియు" అనెడి సంధానమందురు. 1854లో జార్జి బూలు అను ఆంగ్లేయుడు ఈ "మరియు", "లేక", "కాదు" అను మాటలకు బీజగణితమువంటి నియమములు ఏర్పరచి గ్రంథము ప్రకటించెను. 1970లో ఎడ్గరు కాడ్ అను పండితుడు పట్టికలరూపమున సమాచారమును నిలువచేసి, షరతుతో ఏరుకొను సిద్ధాంతమును ప్రకటించెను. నేటి గాదెలు పెక్కు ఆ సిద్ధాంతముమీదనే నిలిచియున్నవి.

ఇచ్చట మనము నిత్యము పలుకు పలుకుబడి మోసగించును సుమీ! "కోదాడ మరియు మిర్యాలగూడ ధరలు కావలయును" అని మనమందుము. యంత్రముతో అట్లే చెప్పినచో, ఒక్క పద్దే రెండు మార్కెట్లకును చెందియుండవలయునని అది గ్రహించును. అట్టి పద్దు లోకమున లేదు, జవాబు శూన్యము. "కోదాడ లేక మిర్యాలగూడ" అనిననే రెండూళ్ల పద్దులును వచ్చును. ఊళ్ల నడుమ "లేక", ఊరికిని సరకునకును నడుమ "మరియు" అని జ్ఞాపకముంచుకొనుడు.

అంకెల విషయమున మరియొక చిక్కు కలదు. సర్వరు పంపిన ధర ఒక్కొక్కప్పుడు అంకెగా గాక, అక్షరములవరుసగా చేరును. అప్పుడు యంత్రము నిఘంటువులో పదములను పోల్చినట్లు మొదటి యక్షరమునే మొదట పోల్చును. అట్లు పోల్చిన 950 అనునది 2,300 కంటె పెద్దదిగా తేలును, ఏలన తొమ్మిది రెండుకంటె పెద్దది! 2025-26లో వానకాలపు పంటకు సామాన్యరకము వడ్ల కనీస మద్దతుధర క్వింటాలునకు 2,369 రూపాయలనియు, ఏ గ్రేడు రకమునకు 2,389 రూపాయలనియు కేంద్ర ప్రభుత్వము నిర్ణయించినది. ఆ ధరకు తక్కువగా అమ్ముడుపోయిన చోట్లను చూపుమని అడుగు పుట, అక్షరములను అంకెలుగా మార్చి పోల్చనిచో, చేదుమాటను తీపిగా చెప్పును. తేదీలును అంతే. దినము, నెల, సంవత్సరము వరుసలో వ్రాసిన తేదీలను అక్షరములుగా పేర్చినచో, మే నెల 2వ తేదీ, డిసెంబరు 1వ తేదీకి తరువాతిదని తేలును.

వ్రాయుచుండగనే వెదకు పెట్టెలయందు ఇంకొక సంగతి జరుగును. "సూ" అని వ్రాయగనే ఒక ప్రశ్న పోవును. "సూర్యా" అనగనే మరియొకటి పోవును. మొదటి ప్రశ్నకు జవాబు ఆలస్యమై, రెండవదాని పిమ్మట వచ్చినచో, తెరపై పాతదే నిలుచును. చూచువారు ఒకటి అడుగ వేరొకటి చూతురు. నేర్పరులైన పుటకర్తలు వ్రాయువారి వ్రేలు కొంచెము నిలుచువరకు ఆగి అడుగుదురు. వెనుకటి ప్రశ్నను రద్దుచేసి క్రొత్తదానికి మాత్రమే జవాబు పుచ్చుకొందురు.

ఇక స్త్రీలమగు మనకు ముఖ్యమైన విషయము రహస్యరక్షణము. ధరలు బహిరంగములు, ఎవరు చూచినను దోషము లేదు. కాని మహిళాసంఘపు అప్పుల పట్టికయో, వైద్యశాల రోగుల పట్టికయో అట్టిది కాదు. కొన్ని పుటలు పట్టికయంతయు ఫోనునకు తెప్పించుకొని, నా పద్దును నాకు చూపి, తక్కినవానిని కనబడకుండ దాచును. ఇది వడపోత కాదు, తెరచాటు మాత్రమే. తెర వెనుక నున్నది ఇంటిలోనికి వచ్చియే యున్నది. కొంచెము నేర్పుగలవా డెవడైనను ఆ తెర తొలగించి, పొరుగింటి యిల్లాలి అప్పును, ఫోను సంఖ్యను చూడగలడు. 2023లో మన దేశమున వ్యక్తిగత సమాచారరక్షణకై డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టము చేయబడినది. కాని చట్టముకంటె ముందు నిలువవలసిన కావలి సర్వరే. అడుగువా రెవరో నిర్ధారించుకొని, వారికి చెందిన పద్దునే గాదెనుండి వెలికి తీయవలయును. అడిగినవారు వ్రాసి పంపిన షరతునైనను గ్రుడ్డిగా నమ్మక, శోధించి పుచ్చుకొనవలయును. ఏలన షరతులోనే గాదె తలుపు తెరచు దొంగమాటను ఇరికించువారును లోకమున గలరు.

కావున, సోదరీమణులారా, ఏ పుటయైనను "ఏమియు లేదు" అని చెప్పినప్పుడు వెంటనే నమ్మవలదు. నాడు మార్కెట్టునకు సెలవా? అచ్చటివారు ఇంకను పద్దు వ్రాయలేదా? పేరుగాని షరతుగాని తప్పినదా? అని మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఒక్కొక్క షరతును సడలించి చూడుడు. ఏది సడలింపగా పద్దులు వచ్చునో అదియే దోషస్థానము. మొత్తమెన్ని, చూపినవెన్ని యని పుటలో వ్రాసియున్నదేమో వెదకుడు. వ్రాసియుండనిచో ఆ పుటను చేసినవారితో వ్రాయుమని చెప్పుడు. మీ బిడ్డలలో ఈ విద్య నేర్చువా రున్నచో, పుట యొక్క రంగులను మెచ్చుకొనుటకు ముందు ఈ యొక్క మాట అడుగుడు: "అమ్మా, ఇది దేనిని చూపుచున్నదో కంటికి కనబడుచునే యున్నది. దేనిని విడిచిపెట్టినదో చెప్పగలవా?" ఆ ప్రశ్నకు తడబడక బదులు చెప్పగలిగిన బిడ్డ చేసిన పుటను నమ్మి, వడ్లబండిని కదలింపవచ్చును.